యాభై ఏడో కాపీ

శ్రావణ బహుళ పాడ్యమి

ఉదయం తొమ్మిదికి ఏడో గట్టు అచ్చాఫీసులో, తలుపులు ఎత్తే, దించే వేళలతో ఈ పక్షపు లాకు పట్టిక అచ్చు మొదలైంది. ఆర్డరు 640. గట్టు మీద ఇళ్లు 639, నది సముద్రంలో కలిసే మొగ అవతల దీపస్తంభం ఒకటి. మెషిన్‌మన్ దానియేలు ఎప్పటిలాగే 700 కాగితాలు ఎక్కించాడు.

తొమ్మిదింబావుకు లాకు ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. ఎగువ నుంచి నీరు అనుకున్నదానికన్నా ఎక్కువ దిగుతోంది. ద్వాదశి నాడు మధ్యాహ్నం రెండుకు ఎత్తాల్సిన లాకు తలుపులు ఉదయం పదకొండుకే ఎత్తాలి. దానియేలు మెషిన్ ఆపాడు. అప్పటికి మీటరు 57 చూపిస్తోంది. కొత్త ప్లేటు తయారయ్యేసరికి పన్నెండు దాటింది. మీటరు సున్నాకు తిప్పి, మళ్లీ 700 కాగితాలు నింపి మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆర్డరు 640తో పాటు మిగతావీ పూర్తయ్యాయి. పైకాపీలు యథాప్రకారం బుట్టలో పడ్డాయి.

ఆర్డరు కన్నా ఎక్కువ పడినవాటిని ఇక్కడ పైకాపీలంటారు. తలుపు పక్కన వెదురు బుట్టలో ఉంటాయి. ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకెళ్తారు. గట్టు మీద వేరే కాగితం దొరకదు. బైండింగు చూసే బీబీజాన్ నాకు పది తీసి ఇచ్చింది. వెనుక వైపు ఖాళీ. విలేకరికి ఇచ్చే కాగితం కోటా అదే. ఈ నమోదు వాటిలో మొదటిదాని మీద రాస్తున్నాను.

"రోజూ రాయటానికి ఏముంటదండీ ఇక్కడ?" అని అడిగింది బీబీజాన్.

"ఇవాళ మెషిన్ ఆగింది."

"అది రోజూ ఆగుద్ది."

"ఇవాళ ప్లేటు మారింది."

"అయితే రాసుకోండి."

విదియ

సముద్రం పొంగుగా ఉందని పడవ గంట ముందే, ఉదయం ఐదుకు బయల్దేరింది. గట్టు నమోదుల అసలు ప్రతులు దీపస్తంభంలో ఉంచుతాం. అక్కడి రాతిగది పొడిగా ఉంటుంది. ఇక్కడ ఏడాదికే కాగితం బూజు పడుతుంది. నిన్నటి నా పేజీ ఆ పడవలో వెళ్లింది. దీపస్తంభానికి పంపాల్సిన పట్టిక వెళ్లలేదు. బీబీజాన్ 640 లెక్కపెట్టి కట్టలు కట్టేసరికి ఆరు కావొచ్చింది.

మళ్లీ పడవ నవమికి. దీపస్తంభం చూసుకునే నీలవేణి పట్టిక కోసం అప్పటిదాకా ఆగాలి. ఆమె అక్కడ ఒక్కతే ఉంటుంది. సరుకులకు పదిహేను రోజులకోసారి మొగలో నడిచి వస్తుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో, లాకు తలుపులు మూసి ఉంటే, మొగలో మోకాలు లోతు బురద. మనిషి రెండు గంటల్లో దాటవచ్చు. తలుపులెత్తితే పన్నెండు నిమిషాల్లో అక్కడ రెండు నిలువుల నీరు.

తదియ

పట్టికలు ఇంటింటికీ అందాయి. ఫిర్యాదులు లేవు. కింది వరసలో ఒక దడి కూలింది.

చవితి

పది గంటలకు లాకు ఆఫీసులో ఉన్నాను. గుల్లలు ఏరే గంగరాజు వచ్చాడు. తలుపులు ఎత్తి దించే లస్కరు వీరాస్వామి వాటి గొలుసుకు గ్రీజు రాస్తున్నాడు.

"ద్వాదశి నాడు పిల్లకాయల్ని కూడా తీసుకెళ్తన్నా బావా, గుల్లలకి. రెండు దాకా టైముందిగా" అన్నాడు గంగరాజు.

"రెండేంట్రా? పదకొండుకే ఎత్తేస్తన్నాం. కాగితం చూసుకోలేదా?"

"చూసే వచ్చా. కళ్లు నీకు కనపట్టం లేదేమో."

"నా కళ్ల సంగతి మీ అక్కనడుగు. ఏదీ, తే."

గంగరాజు నడుము దగ్గర్నుంచి కాగితం తీశాడు. రొయ్యపొట్టు వాసన వచ్చింది. వీరాస్వామి గోడకు అంటించిన పట్టిక పక్కన దాన్ని పెట్టాడు. అదే అచ్చు, అదే సిరా, అదే గీతలు. పద్నాలుగు వరసలు ఒకటే. ద్వాదశి వరస వేరు. గోడ మీద పదకొండు. గంగరాజు చేతిలో రెండు.

ఇలాంటిది చివరిసారి చూసింది తెరల కాలంలో. ఒకే లాకుకు ఒక్కో చేతిలోని తెర ఒక్కో వేళ చూపేది. ఎవరికి ఏ వేళ వీలో అది చూపేది. కావాలంటే వీరాస్వామి గొంతుతో చెప్పేది కూడా. ఆ ఏడు మొగలో పదిహేడు మంది పోయారు. అందుకే గట్టు మీద రెండు నిబంధనలు పెట్టుకున్నాం. లాకు వేళ కాగితం మీదే ఉండాలి. నోటితో చెప్పిన వేళ చెల్లదు.

"ఎక్కడిదిరా ఇది?" అన్నాడు వీరాస్వామి.

"సుభద్ర కొట్లో రొయ్యపొట్టు కొంటే చుట్టిచ్చింది. ఇంట్లో ఇచ్చిన కాగితం పిల్లది చింపేసింది. ఇదీ అదేగా అనుకున్నా."

అచ్చాఫీసుకు వెళ్లాను. దానియేలు విని మీటరు వైపు చూశాడు. పాత ప్లేటు మీద పడిన 57 కాగితాలను బుట్టలో వేసింది తనేనని చెప్పాడు. ఎందుకు వేశావని అడిగాను.

"పైకాపీలు కదండీ. పైకాపీలు బుట్టలో కాక ఎక్కడేస్తాం?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇన్నేళ్లలో పైకాపీకీ ఆర్డరు కాపీకీ ఒక్క అక్షరం తేడా రాలేదు. బుట్టలోకి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాక్కూడా.

బుట్టలో ఇంకా ఉన్నవాటిలో 19 పాతవి దొరికాయి. ఇంటికెళ్లి నా దగ్గర మిగిలినవి తిరగేశాను. మూడు పాతవి. తెచ్చి అప్పగించాను. మొత్తం 22.

పంచమి

సంఘం పెద్ద కాంతారావు టముకు వేయించాడు. వేళ నోటితో చెప్పకూడదు కాబట్టి, ఈ పక్షపు పైకాపీలన్నీ అచ్చాఫీసుకు తెచ్చివ్వాలని మాత్రమే చెప్పించాడు. 57 దొరికేదాకా మెషిన్‌కు తాళం. తాళంచెవి దానియేలే స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

బీబీజాన్ ఇంట్లో గూటిలో పరిచినవి ఆరు. వాటిమీద డబ్బాలు పెట్టి ఉన్నాయి. డబ్బాలు దించుతూ ఆమె, "రాసుకోండి, నా గూడు గురించి కూడా రాసుకోండి" అంది. రాశాను.

సుభద్ర ఎండుచేపల కొట్లో ఏడు ఉన్నాయి. పొట్లాలుగా వెళ్లిపోయినవి గంగరాజుది కాక ఇంకో మూడు. ఎవరెవరికి ఏం చుట్టి ఇచ్చిందో ఆమెకు గుర్తుంది. "సావిడాయనకి సొర ముక్కలు, టీచరమ్మకి నెత్తళ్లు, ఆ చివరింటాయనకి అరువు మీద రొయ్యలు. ఆయన దగ్గర కాగితంతో పాటు నా బాకీ కూడా అడగండి." కాగితం మాత్రం అడిగాను. మూడూ దొరికాయి.

గంగరాజుదితో కలిపి 39.

సప్తమి

బడిలో పిల్లల పుస్తకాల అట్టలు ఐదు. రెండు ఇళ్లలో కప్పు కారుతున్న చోట అంటించినవి నాలుగు. ఊడదీస్తే కారుతుందని ఒకావిడ ఒప్పుకోలేదు. దానియేలు నిచ్చెనెక్కి, కాగితం తీసి, అక్కడ తన గోనెపట్టా కొట్టి దిగాడు. ఆయన ఇంటి కప్పు కూడా కారుతోందని బీబీజాన్ తర్వాత చెప్పింది.

48.

ఎగువ నీరు రేపటికి ఇంకో అడుగు పెరుగుతుందని లాకు ఆఫీసు అంచనా.

నవమి

అలలు ఎక్కువగా ఉన్నాయి. పడవ కదల్లేదు. నీలవేణికి ఈ పక్షం పట్టిక ఇక పడవలో చేరదు. ఆమె దగ్గర బియ్యం ద్వాదశి దాకా సరిపోతాయని పడవ నడిపే ఆయన చెప్పాడు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు చేపలతో గడుపుకోగలదు.

పట్టిక చేతిలో లేనివాళ్లు మొగలో కాలు పెట్టకూడదన్నది నిబంధన. నీలవేణి పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వేళ తప్పి కాలు పెట్టలేదు. అందువల్ల ఆమె గురించి భయం లేదని సంఘం పెద్ద అన్నాడు. నేను కూడా అలాగే నమోదు చేస్తున్నాను.

ఇకమీదట ఆర్డరుకు మించి పడిన ప్రతి కాగితాన్నీ అదే రోజు నీళ్లలో నానబెట్టి ముద్ద చేయాలని సంఘం తీర్మానించింది. బుట్ట తీసేశారు. బీబీజాన్ దాంట్లో కోడిని పెట్టింది.

దశమి

దానియేలు భార్య పొయ్యి రాజేయడానికి రెండు వాడిందని ఒప్పుకుంది. ఒకటి సగం కాలి మిగిలింది. అందులో చవితి నుంచి ద్వాదశి దాకా వరసలున్నాయి. రెండోదాని బూడిద లెక్కలోకి తీసుకోవచ్చా అని కాంతారావు అడిగాడు. బూడిదను ఎవరూ చదవరు కాబట్టి తీసుకున్నాం. చిన్న పడవల్లో, చెక్కల సందుల్లో తారుతో కలిపి కూరినవి నాలుగు. అవి కూడా చదవడానికి రావు.

54.

ఏకాదశి

పైవరసలో కుట్టుపని చేసే వరాలు దగ్గర జాకెట్టు కొలతల కోసం కత్తిరించిన నమూనాలు రెండు దొరికాయి. ద్వాదశి వరస ఒక చంక దగ్గర తెగి రెండు ముక్కల్లో ఉంది.

56.

సాయంత్రం అచ్చాఫీసులో అందరం కూర్చున్నాం. దానియేలు, "మొదటి కాగితం ఒక్కోసారి తెల్లగానే పోతదండీ. రోలరుకి ఇంకు పట్టదు. మీటరు మాత్రం లెక్కేసుద్ది" అన్నాడు.

"అయితే అచ్చుపడినవి యాభై ఆరే" అన్నాడు కాంతారావు. "అయిపోయినట్టే. రాసేయండి విలేకరమ్మగారూ."

"ఆ రోజు తెల్లకాగితం పడటం చూశావా?" అని దానియేలును అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. "చూశానని చెప్పనండీ. పడుద్ది అన్నానంతే."

కాంతారావుకు ఆ తేడా నచ్చలేదు. రేపు పదకొండుకు తలుపులు లేస్తాయి, ఆ తర్వాత ఈ కాగితానికి విలువే లేదు కదా అన్నాడు. నిజమే. నేను ఇలా రాస్తున్నాను: 56 దొరికాయి. ఒకటి తెల్లకాగితం అయి ఉండవచ్చునని దానియేలు అన్నాడు. ఎవరూ చూడలేదు.

ద్వాదశి

ఇది దీపస్తంభంలో కూర్చుని రాస్తున్నాను. సమయం మధ్యాహ్నం పన్నెండున్నర. జరిగినది వరసగా రాస్తాను.

ఉదయం ఎనిమిదింబావుకు ముగింపు నివేదిక రాయడానికి కాగితం తీసుకున్నాను. రాసే ముందు వెనక్కి తిప్పి చూశాను. ఈ ఎనిమిది రోజుల్లో అబ్బిన అలవాటు. సరైన పట్టికే. నివేదిక మొదట్లో పాడ్యమి నాటి నమోదును పేర్కొనాలి. ఆ పేజీ ఎదురుగా లేదు. దాన్ని తిప్పి చూసిన గుర్తు కూడా లేదు.

చవితి నాడు నా దగ్గర మిగిలిన కాగితాలు తిరగేశాను. అప్పటికే రాసి పంపిన కాగితం సంగతి తట్టలేదు. దాన్ని నమోదు అనుకున్నాను కానీ పైకాపీ అనుకోలేదు. పది కాగితాల్లో అన్నిటికన్నా ముందు తీసింది అదే. ఇప్పుడది దీపస్తంభంలో, పట్టిక లేని మనిషి చేతిలో ఉంది. దాని వెనుక ద్వాదశి నాడు మొగ రెండు దాకా ఖాళీ అని ఉండి ఉండాలి. బియ్యం ద్వాదశి దాకే.

లాకు ఆఫీసుకు వెళ్లేసరికి ఎనిమిదిన్నర. వీరాస్వామికి చెప్పాను. ఒక గంట ఆపగలవా అని అడిగాను.

"గంటాపితే కింది వరసలో నలభై రెండిళ్లు మునుగుతాయమ్మా. పైగా మూడు గంటలకి తలుపులు దించుతామని కాగితంలో ఉంది. అప్పుడు గట్టు పక్క బురదలో దిగేవాళ్లు నలభై మంది ఉంటారు. నేను వేళ మారిస్తే వాళ్ల చేతుల్లో ఉన్న కాగితాలన్నీ తప్పుడు కాగితాలవుతాయి."

"ఎంత చేయగలవు?"

"తొమ్మిది తలుపులూ ఒక్కసారి ఎత్తను. పదకొండుకి ఒకటే ఎత్తుతా. కాగితంలో ఎన్ని తలుపులని లేదుగా. నాలుగైదు నిమిషాలు కలిసొస్తాయి. పడవ?"

"అలల్లో కదలదు."

"మరి?"

"నడుస్తాను."

ఆయన నా మోకాళ్ల వైపు చూశాడు. నాకు యాభై ఆరేళ్లు. "దానియేల్ని పంపండమ్మా" అన్నాడు. దానియేలు అప్పటికే వెనకాల నిలబడి ఉన్నాడు. వస్తానన్నాడు. కానీ ఆ పేజీ రాసి పంపింది నేను. దానియేలు తన వెదురు ఊతకర్ర నాకిచ్చాడు. గోడ మీది పట్టిక ఊడదీసి, మడిచి, నూనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఉత్త మాటతో వెళ్తే నీలవేణి నమ్మదు. నమ్మకూడదనే మేమే నేర్పాం.

ఎనిమిది యాభైకి మొగలో దిగాను. బురద మోకాళ్లు దాటింది. తొమ్మిదిన్నరకు ఎడమ చెప్పు పోయింది. పది గంటలకు సగం దూరం. పది పన్నెండుకు ఎదురుగా మనిషి కనిపించింది. తల మీద ఖాళీ గంప, చీర మోకాళ్ల పైకి దోపి ఉంది. అరిచాను. గాలి నా ముఖంలోకి వీస్తోంది. ఆమె చెయ్యి ఊపి, ఇంకా వేగంగా నా వైపే వచ్చింది.

పది ఇరవై ఐదుకు ఆమెను చేరాను. దీపస్తంభం ఆమె వెనుక అరగంట దూరంలో ఉంది. గట్టు నా వెనుక గంటన్నర దూరంలో.

"ఏంటి విలేకరమ్మగారూ, నాకే ఎదురొచ్చారా? ఎడమ కాలి చెప్పేదీ?" అంది నీలవేణి.

"వెనక్కి పద. పదకొండుకు తలుపులు ఎత్తుతున్నారు."

ఆమె నవ్వు ఆగింది. "నోటి వేళ చెల్లదండీ. మీకు తెలీందేముంది."

నూనెగుడ్డ విప్పి పట్టిక చూపించాను. ఆమె చదివింది. రొంటిలోంచి తన కాగితం తీసి పక్కన పెట్టింది. పాడ్యమి నాటి నా పేజీ.

"ఇదీ అచ్చే, అదీ అచ్చే" అంది. "ఏది నమ్మమంటారు? నాది విదియ నాడే వచ్చింది. మీది ఇవాళ వచ్చింది. తెరల కాలంలో మా అన్న ఇట్టాగే పోయాడు. ఆఖర్న వచ్చిన కబురు నమ్మి."

ఆమె అన్నది తప్పు కాదు. అప్పుడు ఆ పేజీలో నేనేం రాశానో గుర్తొచ్చింది.

"నీ కాగితం వెనక్కి తిప్పు. రెండో పేరా చదువు."

"ఇది మీ రాతండీ."

"పాడ్యమి నాడు రాసింది. అది కూడా విదియ నాడే వచ్చింది. చదువు."

ఆమె కళ్లు చికిలించి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివింది. "ద్వాదశి నాడు... మధ్యాహ్నం రెండుకు ఎత్తాల్సిన... లాకు తలుపులు... ఇదేంటండీ ఇది, కోడి గీకినట్టు?"

"ఉదయం."

"ఉదయం పదకొండుకే ఎత్తాలి." ఆమె ఆగింది. కాగితాన్ని ముందుకు తిప్పి చూసింది. మళ్లీ వెనక్కి తిప్పింది. "దీంట్లోనే ఉందా?"

"అందులోనే ఉంది."

గంప అక్కడే వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి పది ముప్పై ఒకటి. చివరి పావు దూరం నన్ను సగం లాక్కుంటూ నడిచింది. పదకొండు నాలుగుకు దీపస్తంభం మెట్ల మీద ఉన్నాం. పదకొండు పదిహేడుకు నీరు వచ్చింది. వీరాస్వామి చెప్పినట్టే ముందు సన్నగా, తర్వాత నిండుగా. గంప మా ముందు నుంచే సముద్రంలోకి పోయింది.

నీలవేణి ఉన్న కాసిని బియ్యం గంజి కాచింది. తాగుతూ అడిగాను, పట్టిక రాకపోతే నమోదుల వెనుక చూసి నడవడం ఇదే మొదటిసారా అని.

"ఏడాదికి మూడు నాలుగు సార్లు పడవ రాదండీ. అప్పుడల్లా మీ కాగితమే. పదకొండేళ్లలో ఒక్కసారి తప్పు పోలేదు." కొంచెం ఆగి, "మీ రాత మాత్రం ఎప్పుడూ చదవలేదు. ఏమనుకోకండి" అంది.

ఏమీ అనుకోలేదని చెప్పాను. పైకాపీలను ముద్ద చేయాలన్న నవమి నాటి తీర్మానం ఆమెకు తెలియదు. చెప్పాను. ఆమె గంజి గిన్నె కింద పెట్టింది. "మరి పడవ రానప్పుడు?" అంది. ఈ ప్రశ్నను సంఘం ముందుకు తీసుకెళ్తాను. జవాబు వచ్చేదాకా నమోదులు ముందులాగే పైకాపీల మీదే రాస్తాను.

యాభై ఏడో కాపీ నా ఎదురుగా ఉంది. అచ్చు వైపు రెండు అడ్డగీతలు కొట్టాను. రాత వైపు అలాగే ఉంచాను. లెక్క: 57లో 57. తెల్లకాగితం పడలేదు.

తలుపులు మూడుకు దించుతారు. మొగ పూర్తిగా దాటే పాటు మళ్లీ వచ్చేది రేపే. అప్పుడు ఇద్దరం కలిసి గట్టుకు నడుస్తాం. ఈ పేజీ ఇక్కడి రాతిగదిలో ఉంటుంది. దీని వెనుక దానియేలు గోడ మీంచి ఊడదీసి ఇచ్చిన పట్టిక ఉంది. అది సరైనదే. రెండుసార్లు చూశాను.